ఓరచూపులో రంగులు

నీ ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, "పిల్లల ఓరచూపు పరీక్ష చేస్తాను" అని చెప్పేదాన్ని. పెళ్లిచూపుల్లో కూడా అదే చెప్పాను. పెళ్లికొడుకు తల్లి ముఖం అదోలా పెట్టింది. పెళ్లికొడుకు మాత్రం తల వంచుకుని నవ్వాపుకోలేక అవస్థ పడ్డాడు. ఆ అవస్థ చూసే ఒప్పుకున్నాను.

ఇప్పుడు రిటైరయ్యాను. కంటి పరీక్షల పని నేర్చుకుంటున్న ఆడపిల్లలు, మగపిల్లలు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి, "మేడం, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. ప్రమోషన్ల సంగతి అడక్కండి, వచ్చినవి తక్కువ, రానివి చెబితే నాకు కోపం వస్తుంది. పని సంగతి చెబుతాను.

అసలు పని ఏమిటంటే

మీరు ఎదురుగా ఒకే చోట చూస్తూ ఉండండి. పక్కనుంచి ఎవరో ఎర్రటి గుడ్డ మెల్లగా ముందుకు తెస్తున్నారనుకోండి. మొదట ఏదో కదిలిందని మాత్రం తెలుస్తుంది. రంగు తెలియదు. ఇంకాస్త ముందుకు వచ్చాకే అది ఎరుపని తెలుస్తుంది. నీలమైతే ఎరుపు కంటే ముందే తెలుస్తుంది, ఆకుపచ్చ అయితే ఇంకా లోపలికి రావాలి. ఇది జబ్బు కాదు, మంచి కన్ను తీరే అంత. ఏ రంగు ఏ హద్దు దగ్గర తెలుస్తోందో కొలవడమే నా పని.

చుక్కల బొమ్మల్లో అంకెలు దాచిపెట్టిన పుస్తకం మీరంతా చూసే ఉంటారు. అది ఎదురుగా చూసే చూపును మాత్రమే పరీక్షిస్తుంది. పక్కచూపులో రంగు పోతే ఆ పుస్తకానికి తెలియదు. అందులో అన్ని పేజీలూ గడగడా చదివేసిన పిల్లకు కూడా లోపల ముప్పు ఉండొచ్చు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కింద అవసరం వస్తుంది.

మా దగ్గర ఉన్న పరికరాన్ని అందరూ కమాను అనేవాళ్లు. నల్ల రంగు వేసిన ఇనుప కమాను, మధ్యలో తెల్ల చుక్క. పిల్ల గడ్డం ఆనించి కూర్చుంటుంది. ఒక కంటికి గంత కడతాం. రెండో కన్ను చుక్కనే చూడాలి. నేను పుల్ల కొసకు తగిలించిన రంగు బిళ్లను కమాను అంచునుంచి మెల్లగా లోపలికి జరుపుతాను. రంగు తెలిసినప్పుడు పిల్ల చెప్పాలి. వినడానికి సులభమే. ఎనిమిదేళ్ల పిల్లాడిని పక్కన ఏదో కదులుతుంటే అటు చూడకుండా కూర్చోబెట్టి చూడండి, అప్పుడు తెలుస్తుంది.

డ్రైవర్ మాట్లాడడు

నేను ఆసుపత్రిలో ఉద్యోగానికి చేరేటప్పటికి బంగారు గనులు సర్కారు చేతికి వచ్చి చాలా కాలమైంది. ఊరిగాంలో మేముండే క్వార్టర్సు మాత్రం ఇంకా దొరల కాలంలోలాగే వరసలు తీరి ఉండేవి. మా నాయన గని ఆఫీసులో గుమాస్తా. ఆ వీధుల్లో పెరిగాను కాబట్టి అక్కడి పిల్లల్ని ఎలా కూర్చోబెట్టాలో నాకు తట్టింది.

గని లోపలికి మనుషుల్ని దించే బోనును పైనుంచి ఒక ఇంజన్ నడుపుతుంది. దాన్ని నడిపే వైండింగ్ డ్రైవరంటే మా ఊళ్లో ఎంత గౌరవమో చెప్పలేను. ఆయన ఎదురుగా పెద్ద డయల్, దాని మీద ముల్లు. బోను ఎంత లోతులో ఉందో ఆ ముల్లు చెబుతుంది. దాని మీదనుంచి ఆయన చూపు తిప్పడు. ఈ సంగతి మా పిల్లలకు ఉగ్గుపాలతోనే తెలుసు. అందుకని నేను చెప్పేదాన్ని: "నువ్వే డ్రైవరు. ఆ చుక్కే డయలు. బోనులో మీ నాయన ఉండాడు. చూపు తిప్పితే ఏమవుతాదో నీకే తెలుసు."

అంతే. పిల్లలు బిగుసుకుపోయేవాళ్లు. రెప్ప కూడా వేయకుండా కళ్లలో నీళ్లు కార్చుకున్న మహానుభావులు ఉన్నారు.

ఒకడు మాత్రం బిళ్ల కమాను ఈ చివరనుంచి ఆ చివరకు పోయినా నోరు తెరవలేదు. రంగు మార్చాను. ఉలుకూ పలుకూ లేదు. చూపు మాత్రం చుక్క మీదే.

"ఏమప్పా, రంగు కనబడలేదా?" అన్నాను.

గంత తీశాకే మాట్లాడాడు. "కనబడింది మేడం. డ్యూటీలో ఉన్నప్పుడు డ్రైవరు మాట్లాడకూడదు. ఇంజన్ రూములో బోర్డు వేసుండారు కదా!"

ఇంకెక్కడి పిల్లాడైనా ఇలాంటి పొరపాటు చేస్తాడా? వాడితో వాదించలేదు. గనిలో గంట కొట్టి సైగలు చేసినట్టే చేద్దామన్నాను. బల్ల మీద ఒక దెబ్బ కొడితే ఎరుపు, రెండు కొడితే పచ్చ, మూడు కొడితే నీలం. వాడు బ్రహ్మాండంగా కొట్టాడు. ఆ తర్వాత బిడియపడే పిల్లలందరికీ అదే పద్ధతి పెట్టాను.

ఈ డ్రైవరు మంత్రం ఊరు దాటితే పనిచేయదు. ముళబాగిలు క్యాంపులో, అక్కడ లారీలు ఎక్కువ కదా అని, "నువ్వు లారీ డ్రైవరు, ఆ చుక్కే రోడ్డు" అన్నాను. పిల్లాడు క్షణం కూడా చుక్కను చూడలేదు. గదిమితే, "మా నాయన రోడ్డు చూడడు మేడం, పక్క అద్దంలోనే చూస్తా ఉంటాడు" అన్నాడు. ఆ బస్టాండు నుంచి నేను తిరుగు బస్సెక్కేటప్పుడు దేవుడికి దండం పెట్టుకున్నాను.

మా డాక్టరమ్మ

కంటి విభాగానికి పెద్ద డాక్టర్ సుగుణమ్మ. "సుమారుగా" అనే మాట వింటే ఆమెకు ఒళ్లు మండేది. "సుమారుగా కనిపిస్తోందంటే ఏమిటమ్మా? సుమారుగా గర్భవతి అంటామా?" అని అందరి ముందూ అనేసేది. మొదట్లో ఏడ్చాను. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత నేనూ అలాగే తయారయ్యానని మా ఆయన అంటాడు.

బళ్లలో చదివే పిల్లలందరికీ ఈ పక్కచూపు పరీక్ష చేయాలని పట్టుబట్టింది ఆమే. పైనున్న ఒక ఆఫీసరు, "పిల్లలు ముందుకు చూసి చదువుకోవాల గానీ, పక్కకు చూసేది మీరు నేర్పించేదేంటికి?" అని ఫైలు తిప్పికొట్టాడు. డాక్టరమ్మ ఆయన గదికి పోయి, ఆయన్నే కుర్చీలో కూర్చోబెట్టి, చేతిరుమాలు పక్కనుంచి ఊపి పరీక్ష చేసి వచ్చింది. ఫైలు ఆ సాయంత్రమే కదిలింది. ఆయన ఓరచూపులో ఏం తేలిందో ఆమె ఎవరికీ చెప్పలేదు.

అంత గొప్ప మనిషి కూడా ఒక పొరపాటు చేసింది. పరీక్ష అందరికీ ఒకే తీరుగా జరగాలని, రంగు బిళ్లల వరస ఖాయం చేసింది. ముందు ఎరుపు, తర్వాత పచ్చ, తర్వాత నీలం, మళ్లీ ఎరుపు. ఆ వరస తప్పడానికి వీల్లేదు. పరీక్షంటే పిల్లలకు ఏమిటో ఆమె మరిచిపోయింది.

బడి మొత్తం ఫస్ట్ క్లాసు

ఊరిగాంలో ఒక బడి. హెడ్‌మిస్ట్రెస్ రోజ్‌మేరీ టీచరు చాలా మంచిది, కానీ రిజల్టు పిచ్చి. ఆమె బడిలో ఎవరూ ఫెయిలు కాకూడదు. ఆటల్లోగానీ, పాటల్లోగానీ, కంటి పరీక్షలోగానీ.

కమాను తీసుకుపోయి ఐదో తరగతితో మొదలుపెట్టాను. మొదటి పిల్లాడు బాగా చేశాడు. రెండోవాడు ఇంకా బాగా. తర్వాత ఉమ అనే అమ్మాయి వచ్చింది. వయసుకు పొట్టి, రెండు జడలు, చేతిలో నీళ్ల సీసా. కుడికన్ను తెరిచి కూర్చుంది. బిళ్లను ఇంకా కమాను చివర, దాదాపు చెవి పక్కనే పట్టుకుని ఉన్నాను.

"ఎరుపు!" అంది.

నాకు నవ్వొచ్చింది. అక్కడ గద్దకు కూడా రంగు తెలియదు. బిళ్ల మార్చాను. "పచ్చ!" అంది, అదే చోట. ఈసారి బిళ్లేమీ పెట్టకుండా ఖాళీ పుల్లనే చూపించాను. "నీలం!" అని ఉత్సాహంగా అరిచింది.

కొత్తగా వచ్చేవాళ్లకు చెప్పేది ఒకటే. ఈ పరీక్షలో తప్పులు చెప్పే పిల్లను చూసి భయపడకండి. తెలియాల్సిన చోటికంటే ముందే అన్నీ ఒప్పు చెప్పే పిల్లను చూసి భయపడండి.

"ఎవరు నేర్పించినారు తల్లీ?" అని మెల్లగా అడిగాను.

ఉమ నీళ్ల సీసాను ఒళ్లోకి లాక్కుంది. "టీచరమ్మే చెప్పించినారు మేడం. నిన్న సాయంత్రం అందరితోనూ అప్పజెప్పించినారు. ఎరుపు, పచ్చ, నీలం, ఎరుపు... నేను తప్పు చెప్పినానా?"

పక్క బడిలో పరీక్ష అయిపోయిందట. అక్కడి పిల్లల దగ్గర వరస తెలుసుకుని రోజ్‌మేరీ టీచరు బడి మొత్తానికి కంఠస్థం చేయించింది. నేను పోయి అడిగితే ఆమె కొంచెం కూడా తడబడలేదు. "ఇంగ ఏం చేసేది వసంతా? పరీక్షంటే ప్రిపేరు చేయకుండా పంపిస్తారా?" అంది. నాకు కోపం రావాలి, రాలేదు. ఇద్దరం పడీపడీ నవ్వాం. సంగతి విని డాక్టరమ్మ కూడా నవ్వి, వరస ఎత్తేసింది. అప్పటినుంచీ బిళ్లల్ని సంచిలో వేసి, చేతికి ఏది వస్తే అది తీసేవాళ్లం. మధ్యమధ్య ఖాళీ పుల్ల కూడా. మీరూ అలాగే చేయండి.

మట్టి రంగు

మర్నాడు ఐదో తరగతికి మళ్లీ మొదటినుంచీ చేశాను. ఉమను కూర్చోబెట్టి, "తెలిస్తేనే చెప్పు తల్లీ, తెలీకపోతే తెలీదను. ఇందులో మార్కులు లేవు" అన్నాను.

కుడికంటికి చెవివైపునుంచి ఎర్ర బిళ్ల జరిపాను. తెలియాల్సిన హద్దు దాటింది. ఉమ పలకలేదు. ఇంకా లోపలికి తెచ్చాను.

"ఏమైనా కనబడతా ఉందా?"

"ఏదో ఉండాది మేడం. మట్టి రంగు."

సరిగ్గా మధ్య చుక్కను దాటి ముక్కువైపుకు పోగానే, "ఆ, ఇప్పుడు ఎరుపు!" అంది, ఎవరో దీపం వెలిగించినట్టు. ఎడమకన్ను చూశాను. అదీ అంతే. చెవివైపు సగమంతా మట్టి రంగు, ముక్కువైపు ఎరుపు. సంచిలోంచి బిళ్లలు మార్చి మార్చి తీశాను. ఆ హద్దు గీత గీసినట్టు నడిమధ్యే నిలిచింది.

రెండు కళ్ల నరాలూ మెదడు అడుగున ఒకచోట కలుస్తాయి. చెవివైపు చూపు మోసే పోగులు అక్కడే అటుదిటూ ఇటుదటూ దాటుకుంటాయి. ఆ చోట ఏదైనా నొక్కితే రెండు కళ్లలోనూ చెవివైపు చూపే దెబ్బతింటుంది. చాలాసార్లు మొదట పోయేది ఎరుపు. దాహాన్ని అదుపు చేసే భాగమూ ఆ పక్కనే ఉంటుంది. రెండు కళ్లూ తెరిచి ఉన్నప్పుడు ఒక కంటి లోటును రెండోది కప్పేస్తుంది కాబట్టి ఇంట్లోవాళ్లకు తెలియదు.

రోజ్‌మేరీ టీచరును అడిగితే, ఉమ ఎప్పుడూ తలనొప్పి అంటుందనీ, సీసాలకు సీసాలు నీళ్లు తాగి మాటిమాటికీ బయటికి పోతుందనీ, తలుపులకు భుజాలు కొట్టుకుంటుందనీ చెప్పింది. "సోమరితనం అనుకుని కోప్పడతా ఉన్నాను వసంతా" అని కళ్లు తుడుచుకుంది. డాక్టరమ్మ ఉమను చూసి, కంటి లోపల నరం చూసి, తల ఎక్స్‌రే తీయించింది. ఆరోజు ఆమె ఎవరి మీదా అరవలేదు.

అంగడి గుమ్మం దగ్గర

ఉమ నాయన నాగరాజ శెట్టిగారికి రాబర్ట్‌సన్‌పేట బజారులో బట్టల అంగడి. డాక్టరమ్మ ఆయన్ని కూర్చోబెట్టి, లోపల గడ్డ ఉన్నట్టుందనీ, బెంగళూరు తీసుకుపోయి ఆపరేషను చేయించాలనీ, ఆలస్యమైతే చూపు మొత్తం పోతుందనీ చెప్పింది. శెట్టిగారు అంతా విని చేతులు జోడించారు.

"మీరు పెద్దోళ్లు, కాదనను. కానీ మా పాపకు రంగు తెలీదంటే మాత్రం నమ్మనమ్మా. అంగట్లో చీరకు మ్యాచింగు బ్లౌజు పీసు తీసేదే ఆ పాప. నేను తీస్తే కస్టమర్లు ఒప్పుకోరు, ఉమా తీస్తే తీసుకుపోతారు. అట్లాంటి పిల్ల తల కోయిస్తామా?"

లేచి వెళ్లిపోయారు. ఆయన మొండితనానికి కాదు, ఆయన చెప్పింది నిజమైనందుకు నాకు భయమేసింది. ఎదురుగా చూస్తే ఆ పిల్లకు ఏ రంగూ తప్పదు. ఎక్స్‌రే ఆయనకు అర్థం కాదు, మా కమాను ఆయనకు ఒక ఇనుప ముక్క. మధ్యలో పిల్ల చూపు పోతుంది.

మధ్యాహ్నం అంగడికి వెళ్లాను. ఉమ గల్లాపెట్టె పక్కన కూర్చుని మజ్జిగ తాగుతోంది. శెట్టిగారు నన్ను చూసి ముడుచుకుపోయారు. "ఆపరేషన్ మాటకు రాలేదు శెట్టిగారూ" అన్నాను. "రంగుల విషయంలో నాకంటే మీకు బాగా తెలుసు. మీరే పరీక్ష చేయండి. ఎట్ల చేయాలో మటుకు నేను చెబుతాను."

ఆ మాట ఆయనకు నచ్చింది. బట్టల అంగడివాళ్లకు ఒక పద్ధతి ఉంది. లోపలి దీపాల కింద రంగు నమ్మరు, గుడ్డను గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుతురులో చూస్తారు. ఆయన ఉమను గుమ్మం ముందు స్టూలు మీద కూర్చోబెట్టారు. నేను ఆ పిల్ల ఎడమకన్ను మూసి, "నా ముక్కు కొసనే చూడు" అని ఎదురుగా నిలబడ్డాను. శెట్టిగారు తాను మెచ్చిన ఎర్ర బ్లౌజు పీసు మడతపెట్టి పిల్ల కుడిచెవి పక్కనుంచి మెల్లగా ముందుకు తెచ్చారు.

"ఏం రంగు పాపా?"

"మట్టి రంగప్పా."

"సరిగ్గా చూసి చెప్పు."

"మట్టి రంగే."

ఆయన నా వైపు చూశారు. గుడ్డ ఇంకా ముందుకు వచ్చి, నా ముక్కు దాటి అటువైపు పోయింది.

"ఓ, ఎరుపు! మిరపపండు ఎరుపు! వేరే గుడ్డ పెట్టినావా అప్పా?"

శెట్టిగారు గుడ్డను వెనక్కి తెచ్చారు. మట్టి రంగు. ముందుకు పోనిచ్చారు. ఎరుపు. ఇంకో కన్ను మూయించి రెండో పక్కనుంచి తెచ్చారు. అక్కడా మట్టి రంగే. ఆయన అలమరలోంచి ఇంకో ఎరుపు, ఇంకో ఎరుపు తెచ్చి చూశారు. చివరికి గుడ్డ ఆయన చేతిలోనే నలిగిపోయింది. కొనడానికి వచ్చిన ఆడవాళ్లు గుమ్మంలో నిలబడిపోయారు, ఎవరూ బేరమాడలేదు.

"బెంగళూరు బస్సు ఎన్నింటికమ్మా?" అని అడిగారు.

ఆ తర్వాత

ఆపరేషను జరిగింది. గడ్డను చాలావరకు తీశారు. మిగిలిన జీవితమంతా మందులు వేసుకోవాలన్నారు. ఉమ తల మీద జుట్టు ఇంకా పూర్తిగా రాకముందే, పూలపూల గుడ్డ కట్టుకుని నాయనతో మా గదికి వచ్చింది. నీళ్ల సీసా ఇప్పుడూ ఉంది, కానీ ఊరికే ఖాళీ చేసేయడం లేదు.

కమాను ముందు కూర్చోబెట్టాను. శెట్టిగారు గోడకు ఆనుకుని నిలబడ్డారు. పిల్లకు ఆయన ముఖం కనబడకూడదని ఆయన్ని వెనక్కి పంపాను, తల్లిదండ్రుల ముఖాలు చాలా జవాబులు చెప్పేస్తాయి. సంచిలో చేయి పెడితే ఎరుపే వచ్చింది. చెవివైపునుంచి జరిపాను.

"తెలీదు మేడం," అంది ఉమ. ఇంకాస్త. "తెలీదు." ఇంకొంచెం జరిపాను. మధ్య చుక్క ఇంకా చాలా దూరంలో ఉంది.

"ఎరుపు," అంది. కాస్త ఆగి, "మిరపపండు కాదు, కొంచెం వాడిన ఎరుపు. కానీ ఎరుపే."

మిగతా పిల్లలతో పోలిస్తే ఆ హద్దు ఇంకా లోపలే ఉంది. అయినా గీత జరిగింది. జరగడం మొదలైన గీత ఇంకా జరుగుతుందని డాక్టరమ్మ అంది. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఉమ గంత తీసేసి లేచి, "ఇప్పుడు నువ్వు కూర్చో అప్పా" అంది. ఆయన వద్దు వద్దంటూనే కుర్చీలో కూర్చున్నారు. ఆ పిల్లే గంత కట్టింది, బిళ్ల అందుకుంది.

"చుక్కనే చూడాల. ఇటు చూడకూడదు, తెలిసిందా?"

"తెలిసిందమ్మా."

బిళ్ల ఇంకా జరగనే లేదు, ఆయన చూపు పక్కకు తిరిగింది. ఉమ కోప్పడి మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ తిరిగింది. ఎన్నిసార్లు చెప్పినా అంతే. చివరికి ఆ పిల్ల విసిగిపోయి, "ఏమప్పా నువ్వు, బిళ్లను చూస్తా ఉండావే!" అంది.

ఆయన బిళ్లను చూడటం లేదు. నేను ఎదురుగానే ఉన్నాను కాబట్టి ఆయన చూపు ఎక్కడికి పోతోందో నాకు తెలుసు. పిల్లకు చెప్పకుండా, పరీక్ష ఆపకుండా, ఉమ ముఖం మీద పగటి వెలుతురు పడేలా కిటికీ తెర ఇంకాస్త పక్కకు లాగాను.